ఇనప పడవకి నీళ్ళ పరీక్ష

ఇవాళ పొద్దున్న మా క్వార్టర్ల వరస చివర కొత్తగా కట్టిన ఇనప ట్యాంకులోకి నీళ్ళు వదిలారు. ఎక్కడైనా కారుతుందేమో చూడ్డానికట. వరసలో ఆడవాళ్ళందరూ పనులు ఆపి గుమ్మాల్లోకి వచ్చారు, పిల్లలైతే పెళ్ళి చూస్తున్నట్టు చప్పట్లు. ఖాళీ ఇనుములో నీళ్ళు పడుతుంటే మొదట గలగలమంటుంది, నిండేకొద్దీ ఆ గొంతు బరువెక్కుతుంది, చివరికి లోలోపల ఎవరో మూలుగుతున్నట్టు ఉంటుంది. ఆ మూలుగు దాకా వచ్చేసరికి నేను చేతిలో చేట అరుగు మీదే వదిలేసి లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాను. పక్కింటి వదిన కిటికీలోంచి తొంగిచూసి, "ఏటమ్మా, దెయ్యాన్ని సూసినట్టు అలగెల్లిపోనావు? నీల్లే కదేటి!" అని నవ్వింది. నీళ్ళే. కానీ ఇనుములో నీళ్ళు పోసే చప్పుడు వింటే నేను ఇప్పటికీ అక్కడ నిలబడలేను. ఎందుకో ఆవిడకి చెబుదామంటే బియ్యం ఎసట్లో పోసి వచ్చిందట, వెళ్ళిపోయింది. అందుకని మీకు చెబుతున్నాను.

నేను ఈ బిలాస్‌పూర్‌కి కోడలిగా వచ్చినప్పుడు నాకు పదిహేడేళ్ళు కూడా నిండలేదు. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోయారు. టెక్కలి దగ్గర మా అన్నగారింట్లో వదిన చేతికింద పెరిగాను. వదిన చెడ్డది కాదు గానీ, నా నోరంటే ఆవిడకి గిట్టదు. నేను లేచిన దగ్గర్నుంచీ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటాను, అంట్లు తోముతున్నా సరే, ఎవరూ వినకపోయినా సరే. "ఒలే, ఆ నోటికి తాళం ఎయ్యే" అన్నది ఆ ఇంట్లో నేను ఎక్కువసార్లు విన్న మాట. ఇక్కడికి వచ్చాక మొదటిసారి ఒక మనిషి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, నేను చెప్పిందంతా నవ్వుమొహంతో, తల ఊపుతూ చివరిదాకా ఆలకించాడు. ఆయన మా మావయ్య, అంటే నా మామగారు. వారం తర్వాత గానీ తెలియలేదు నాకు, ఆయనకి బొత్తిగా చెవుడని. మా అత్త కడుపు పట్టుకుని నవ్వింది. "ఇంజనుకూత ఇనబడదు ఆయనకి, నీ మాటలు ఇనబడతాయేటే గుంటా!" అంది. నాకు మాత్రం ఏమీ నష్టం అనిపించలేదు. అప్పట్నుంచీ ఆయనకే ఎక్కువ చెప్పేదాన్ని.

మావయ్య రైలింజన్ల షెడ్డులో బాయిలర్ మిస్త్రీ. ఆ పని చేసేవాళ్ళకి చెవులు మిగలవు. బాయిలర్ లోపల ఒక మనిషి ముడుచుకుని కూర్చుని ఎర్రగా కాలిన రివిట్టు తలకి బరువైన ఇనపదిమ్మ ఆనించి పట్టుకుంటాడు, బయట ఇద్దరు సుత్తులతో బాదుతారు. లోపలివాడికి గుడిగంటలో తల పెట్టినట్టే. మావయ్య వయసంతా అలా లోపలే గడిచింది. ఆయన గొప్పల్లా ఒకటే, ఆయన చెయ్యి పడ్డ బాయిలర్ ఏదీ నీళ్ళ పరీక్షలో కారలేదు. మరమ్మతు అయిన ప్రతి బాయిలర్నీ అంచుదాకా నీళ్ళతో నింపి, చుట్టూ తిరిగి, చెమ్మ కనిపించిన చోటల్లా సుద్దతో గీత గీస్తారు. గీత పడకపోతే "పాస్" అంటారు. అప్పుడు గానీ అది బయటికి రాదు. మా ఇంట్లో కొత్త కుండ కొన్నా ఆయన ముందు నీళ్ళు పోసి, చుట్టూ తిరిగి చూసేవాడు.

నా పెళ్ళైన రెండో ఏడు రైల్వేలో మనుషుల్ని తీసేయడం మొదలైంది. చెవుడు పేరు చెప్పి మావయ్యని ముందు తీశారు. ఆ వెనకే షెడ్డులో క్లీనర్‌గా ఉన్న మా ఆయన్నీ తీశారు. ఆయన పని వెతుక్కుంటూ టాటానగర్ వైపు వెళ్ళాడు. వానలు పడేలోగా క్వార్టర్ ఖాళీ చెయ్యాలి. సొంత ఊళ్ళో మాకు సెంటు భూమి లేదు. అత్తని పలాసలో వాళ్ళ చెల్లెలు రమ్మంటోంది, మావయ్యని ఆయన తమ్ముడు పిలుస్తున్నాడు, నాకు ఎటూ వదిన వంటిల్లే. ముగ్గుర్నీ కలిపి రమ్మనేవాళ్ళు ఎవరూ లేరు. అత్తకీ మావయ్యకీ పెళ్ళైనప్పట్నుంచీ ఒకరు లేకుండా ఇంకొకరు ఉండింది లేదు, నాకు ఆ ఇల్లు తప్ప ఇల్లు లేదు. ఆ ఎండాకాలమంతా కలిసి అన్నానికి కూర్చున్న ప్రతిసారీ, ఇదే ఆఖరేమో అనుకునేదాన్ని.

షెడ్డువాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళకి తలపాగానో, గొడుగో ఇచ్చి పంపుతారు. మావయ్యని ఏం కావాలని సైగ చేసి అడిగితే షెడ్డు వెనక పిచ్చిమొక్కల్లోకి వేలు చూపించి, "ఆ పడవ" అన్నాడట. అందరూ నవ్వారట. అర్పా నది మీద రైలు వంతెన కట్టినప్పుడు రాళ్ళనీ మనుషుల్నీ మోయడానికి తెచ్చిన ఉక్కు పడవ అది. వంతెన అయిపోయాక దాని మొహం చూసినవాడు లేడు. అందులో కొన్నాళ్ళు సున్నం కలిపారు, తర్వాత మేకలు ఈనాయి. అడుగు చదును, పొడుగు చూస్తే రెండు ఎడ్లబళ్ళు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టినంత ఉంటుంది. ఆయన ఆలోచనేమిటంటే, నది అవతల కోని అనే ఊరి వైపు నుంచి కూరగాయలు తెచ్చేవాళ్ళకి వానల్లో నది దాటడానికి సరైన పడవ లేదు. రేవులో ఎన్నేళ్ళుగానో చెక్కడోంగా, అంటే దోనె, నడిపిన కేవట్ తాత ఉన్నాడు గానీ, డోంగా నిలువునా చీలిపోయింది. ఆ రేవు మీద హక్కు మాల్‌గుజార్‌ది, అంటే అక్కడి జమీందారుది. అత్త వెళ్ళి ఆయన దివాను కాళ్ళావేళ్ళా పడితే, ఆ దివాను ఒప్పుకున్నాడు. మొదటి వరదకి పడవ నీళ్ళమీద నిలబడి అవతలికి పోయి వస్తే రేవూ మాదే, రేవు పక్క పాకా మాదే. నిలబడకపోతే రెండూ లేవు. అది తేలేదాకా పాకలో ఉండమన్నాడు, క్వార్టర్ వదిలి అక్కడికి చేరాం. కేవట్ తాత గడ వేస్తానన్నాడు. "నేను పడవ ఎరుగుదును, మీ మిస్త్రీ ఇనుము ఎరుగును, ఠీక్ హై" అని తన ఛత్తీస్‌గఢీలో ఏదో పాడుకుంటూ వచ్చి పాక ముందు కూర్చున్నాడు.

కాలనీలోని మనవాళ్ళంతా డ్యూటీలు దిగి వచ్చి, దుంగల మీద దొర్లించుకుంటూ పడవని రేవుకి లాగారు. తోవ పొడుగునా ఊరి కుక్కలన్నీ మా వెంటే. రేవులో ఇసక మీద, ముందు కొసకీ వెనక కొసకీ పట్టాల కింద వేసే పాత స్లీపర్ దుంగలు పేర్చి దాన్ని ఎత్తి నిలబెట్టారు. మధ్యలో ఖాళీ. అడుగునుంచి సుత్తి ఆడాలంటే మావయ్య కింద దూరాలి కదా. బాయిలర్‌నైనా షెడ్డులో అలాగే రెండు కొసల మీదే నిలబెడతారట.

అప్పుడు మొదలైంది పని. తుప్పు గీకితే రేకుల్లోంచి పొరలు పొరలుగా ఊడింది. మా ముగ్గురి వెంట్రుకలూ, కనురెప్పలూ, ఆఖరికి అన్నం కూడా ఎర్రగా ఉండేవి. పాత రివిట్టు గట్టిదో వదులుదో సుత్తితో కొట్టి వింటే తెలుస్తుంది. గట్టిదైతే ఖణ్‌మంటుంది, వదులుదైతే కుండ పగిలినట్టు పలుకుతుంది. మావయ్య కొట్టగలడు, వినలేడు. అందుకని ఆయన కొడితే నేను వినేదాన్ని. మంచిదైతే చెయ్యి ఎత్తాలి, చెడ్డదైతే దించాలి. నేనెత్తిన చెయ్యిని కూడా ఆయన నమ్మేవాడు కాదు, అవతలివైపు వేలు ఆనించి మళ్ళీ ఓసారి కొట్టుకునేవాడు. పనికిరానివన్నీ కోసేసి, చిన్న కొలిమి పెట్టి కొత్తవి దిగ్గొట్టాడు. కాలనీ కుర్రాళ్ళు వంతులవారీగా సుత్తి పట్టారు. ఆకాశం వైపు చూడ్డం మానేశాం. మబ్బు తునక కనిపించినా అత్త మొహం మాడిపోయేది.

పడవ అయిపోయింది. అంచులకి రంగు కూడా వేశారు. ఆ పూట మావయ్య తలగుడ్డ బిగించి, "రేపు నీల్లు పొయ్యాల" అన్నాడు. చెవుడు కదా, మామూలుగా అన్నా ఊరంతా వినపడుతుంది.

అత్తకి అర్థం కాలేదు. అర్థమయ్యాక నెత్తి కొట్టుకుంది. అత్త పుట్టిల్లు కళింగపట్నం దగ్గర సముద్రపొడ్డున. వాళ్ళ నాన్న పడవలు కట్టేవాడు. "ఓలమ్మో ఓలమ్మో, పడవలో నీల్లు పోస్తారేటి ఎవులైనా! నీల్లు బైట ఉండాలనే కదేటి పడవ!" అని రెండు చేతులూ తిప్పి సైగ చేసింది. "అడ్డాలనాటి నుంచి సూస్తన్నాను, మా నాన్న ఏ పడవలోనైనా కడివెడు నీల్లు పోసినాడేటి?"

మావయ్య ఆ సైగ చూసి నవ్వాడు. "నీకేటి తెల్సు. టెస్టు అవకండా ఏదీ షెడ్డు దాటదు."

"ఇక్కడ షెడ్డెక్కడుందయ్యా!" అంది అత్త. ఆయన అప్పటికే అటు తిరిగిపోయాడు. కేవట్ తాత కూడా, "అరే బహూ, నావ్‌లో పానీ? రామ్ రామ్!" అని చెంపలు వేసుకున్నాడు. అయినా మావయ్య పనితనం తెలిసి, చివరికి ఆయన మాటే విన్నాం. బాయిలర్లు కట్టిన చెయ్యి కదా అనుకున్నాం. మర్నాడు సెలవు. కాలనీ ఆడామగా వచ్చారు. నది అప్పటికి ఇసకే. చెలమలు తవ్వి, బిందెలతో, డబ్బాలతో, కొబ్బరికాయ కొట్టి మరీ పడవలో పోయడం మొదలుపెట్టాం. అత్త ప్రతి బిందెకీ తిట్టుకుంటూనే పోసింది. గలగల పోయి గుడగుడ వచ్చింది. మావయ్య చేతిలో సుద్దముక్కతో అడుగున దూరి, వెల్లకిలా పడుకుని చెమ్మ కోసం వెతుకుతున్నాడు. ఆయన పాదాలు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. "ఒక్క చుక్క నేదు!" అని లోపల్నుంచి కేక పెట్టాడు. అందరూ హమ్మయ్య అనుకుని ఇంకా పోశారు.

అప్పుడు నేను విన్నాను. సన్నగా, ఎక్కడో కిర్రుమంది. వీధితలుపు గాలికి కదిలినట్టు. మళ్ళీ అంది, ఈసారి కొంచెం పొడుగ్గా. పడవ నడుం కిందికి దిగుతోంది. గుండ్రంగా ఉన్న బాయిలర్ నీళ్ళ బరువుని తనమీద తాను మోసుకుంటుంది. చదునైన పడవ అడుగు నది మీద ఆనుకోవడానికి పుట్టింది. రెండు కొసలు పట్టుకుని గాల్లో నిలబెట్టి కడుపునిండా నీళ్ళు పోస్తే దాని నడుం ఏమవుతుంది? ఆ క్షణంలో నాకివేం తెలియదు. "మావయ్యా! బయటికి రండి!" అని అరిచాను. నేను పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. ఆ పాదాలు కదల్లేదు. ఎలా కదులుతాయి? నేను జీవితమంతా మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఆయనకి చేరవు. బిందె విసిరేసి ఆ రెండు మడమలూ పట్టుకుని వెనక్కి లాగాను. ఇంకో చెయ్యి వచ్చి పడింది, అత్తది. ఆయన తిడుతూ, ఇసకలో వీపు ఈడ్చుకుంటూ, తల బయటికి వచ్చిందో లేదో తుపాకులు పేల్చినట్టు రివిట్లు తెగాయి. పడవ మధ్యకి కుంగింది. అడుగున రేకుల అతుకు నోరు తెరిచి, మేం మోసి పోసిన నీళ్ళన్నీ మా కాళ్ళ మీదుగానే ఇసకలోకి పోయాయి.

 కాలనీవాళ్ళు ఒక్కొక్కరే బిందెలు తీసుకుని వెళ్ళిపోయారు. అత్త తిడుతుందేమో అని చూశాను. తిట్టలేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. మావయ్య పడవ ముందు గొంతుక్కూర్చుని, తెరుచుకున్న అతుకులో వేళ్ళు పెట్టి తడుముతున్నాడు. ఈ జన్మలో మొదటిసారి, నెమ్మదిగా మాట్లాడాడు. "మన్ని నానే ముంచీసినాను" అన్నాడు. ఆరుబయట, ఇసక మీద, నీళ్ళు లేని నదిలో.

కొత్త రివిట్లు వేద్దామంటే, వంగిన రేకుల్లో చిల్లు ఎదురు చిల్లు కలవడం లేదు. కలిపేందుకు షెడ్డు యంత్రాలు కావాలి, మనిషి చేతులకి అయ్యే పని కాదు. కొండల వైపు మబ్బు పట్టింది. రెండ్రోజులు ఆయన మెతుకు ముట్టలేదు. దివాను మనిషి గొడుగేసుకుని వచ్చి, చూసి వెళ్ళాడు. ఆ సాయంత్రం అత్త పాకలో సామాను సర్దడం మొదలుపెట్టింది. మూడు మూటలు. ఒకదాన్లో ఆయన పంచెలు, ఒకదాన్లో తనవి, ఒకదాన్లో నా రెండు చీరలు. ఉన్న ఒక్క ఇత్తడి చెంబుని ఏ మూటలో పెట్టాలో తేల్చుకోలేక మూడిట్లోనూ పెట్టి తీసింది. నేను ఏడుస్తూ కూడా వాగుతూనే ఉన్నాను, "అత్తా, నాను వదిన దగ్గరికి ఎల్లను, నాను నీతోనే వొస్తాను, పలాసలో అంట్లు తోముతాను" అని. "నోరు ముయ్యే" అంది, మూటకి కొబ్బరిపీచు తాడు బిగిస్తూ. ముడి వేసి, కాలు ఆనించి, గట్టిగా గుంజింది. గుంజుతూ అలాగే ఆగిపోయింది. తాడు వైపు చూసింది. తర్వాత మూట విప్పేసింది. మిగిలిన రెండూ విప్పింది. తాళ్ళన్నీ భుజాన వేసుకుని బయటికి నడిచింది.

మా వైపు సముద్రం పడవలకి మేకు ఉండదని మీకు తెలుసో తెలియదో. పలకకి పలక ఆనించి, మధ్య పీచు కూరి, చిల్లుల్లోంచి కొబ్బరితాడు పోనిచ్చి కుట్టేస్తారు, అచ్చం రవికె కుట్టినట్టే. కెరటం కొట్టినప్పుడు పడవ కూడా కాస్త కదుల్తుంది గానీ విరగదు. అత్త మావయ్య భుజం తట్టి, తెగిన రివిట్ల చిల్లులు చూపించి, తాడు చూపించి, గాల్లో సూది లాగినట్టు లాగింది. ఆయన మొహం ఎర్రబడింది. "ఇనుముని తాడుతో కుడతారేటి! షెడ్డోల్లు ఇంటే ఉమ్మూస్తారు!"

అత్త ఆయన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది, పెదాలు కనపడేలా. "షెడ్డు నిన్ను వొదిలీసింది. నాను వొదల్నేదు" అంది, ఒక్కొక్క మాటే. ఆయన ఆ పెదాల్ని చదివాడో, కళ్ళనే చదివాడో. లేచి వెళ్ళి ఆకురాయి తెచ్చాడు.

చిల్లుల అంచులు కత్తిలా ఉంటే తాడు తెగుతుందని, ప్రతి చిల్లునీ నున్నగా రాశాడు. లైను గ్యాంగువాళ్ళ దగ్గర జాకీ అడిగి తెచ్చి, కుంగిన నడుముని కిందనుంచి వీలైనంత పైకి లేపాడు. చిన్న ఇనపకడ్డీని కాల్చి, వంచి, అత్తకి సూది చేసి ఇచ్చాడు. కేవట్ తాత అడవివాళ్ళని అడిగి సరయి చెట్టు గుగ్గిలం తెచ్చాడు. దాన్ని అవిసె నూనెలో మరిగించి, జనపనార ముంచి, అతుకు పొడుగునా కూరాం. అత్త లోపల, నేను కింద. ఆవిడ సూది దింపితే నేను లాగి, పక్క చిల్లులోంచి మళ్ళీ పైకి పంపాలి. వేళ్ళు కోసుకుపోయి తాడంతా రక్తం. "ఇంకా లాగే, అన్నం తిన్నేదేటి!" అని లోపల్నుంచి అత్త, "ఎక్కడ తిన్నాను, నువ్వు పెడితే కదా!" అని కింద నుంచి నేను. మధ్య రేకు మీద అరచేతులు ఆనించి మావయ్య, బిగువు ఎలా ఉందో చేతులతో చూస్తూ.

పని పూర్తవకుండానే నది వచ్చింది. పొద్దున్నే ఎగువనుంచి ఎర్రటి నురగ పాములా పాక్కుంటూ వచ్చి, మేం తవ్విన చెలమల్ని కప్పేసి, మధ్యాహ్నానికి ఒడ్డు తాకింది. ఇంకా నాలుగు కుట్లు మిగిలే ఉన్నాయి. మోకాలి లోతు నీళ్ళలో నిలబడే అవి లాగాం. దివాను ఒడ్డున నిలబడ్డాడు. అవతలి ఒడ్డున కూరగాయల తట్టలతో జనం. మావయ్య రెండు చేతులూ అడ్డంపెట్టి, "టెస్టు అవలేదు" అన్నాడు.  పరీక్ష చెయ్యనిదాన్ని ఆయన ఏనాడూ బయటికి పంపలేదు. పరీక్ష చేసింది మా కొంప ముంచింది. అత్త నది వైపు చెయ్యి చూపించి, తనే ముందు ఎక్కి కూర్చుంది. వెనకాల నేను, చేతిలో డబ్బాతో. ఆయనా ఎక్కాడు. కేవట్ తాత గడతో ఒడ్డుని తోశాడు.

స్లీపర్ల మీంచి పడవ నీళ్ళలోకి జారగానే అతుకు పొడుగునా చెమ్మ కాదు, ధార. నేను డబ్బాతో తోడుతున్నాను, తోడిన కొద్దీ వస్తోంది. నడి నదికి వచ్చేసరికి నీళ్ళు చీలమండలు దాటాయి. వెనక్కి తిప్పనా అన్నట్టు తాత చూశాడు. వెనక మూడు దార్లున్నాయి మాకు, ముగ్గురికీ తలొకటి. అత్త తల అడ్డంగా ఊపింది. మావయ్య కుట్టు మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నేను ఆయనకే చెబుతున్నట్టు ఏదో వాగుతున్నాను, భయానికి. కాసేపటికి డబ్బా అడుగు రేకుని గీరింది. తోడటానికి నీళ్ళు తగ్గాయి. కొబ్బరితాడూ జనపనారా తడిస్తే ఉబ్బుతాయి, ఉబ్బితే బిగుస్తాయి. అది అత్తకి ముందే తెలుసు, అందుకే ఆ ధార చూసి కూడా ఆవిడ కదల్లేదు. మావయ్య కళ్ళు తెరిచి, చెయ్యెత్తి చూసుకున్నాడు. తడే ఉంది, కానీ కారడం లేదు. అత్త వైపు చూసి, అవతలి ఒడ్డున ఉన్నవాళ్ళు కూడా ఉలిక్కిపడేంత గట్టిగా, "పాస్!" అన్నాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుని నవ్వో ఏడుపో తెలియకుండా వంగిపోయింది.

రేవు మాదయింది. ఆ వానాకాలమంతా ఆ పాకలో ముగ్గురం ఒకే కంచం చుట్టూ కూర్చుని తిన్నాం. ఎన్నిసార్లు ఆ కుట్లు విప్పి మళ్ళీ కుట్టామో లెక్క లేదు, ఉరుము ఉరిమిన ప్రతిసారీ ప్రాణం పోయి వచ్చేది. నీళ్ళు తగ్గాక, చలి మొదట్లో, మావయ్యకి జ్వరం తగిలి నాలుగు రోజుల్లో పోయాడు. ఎండలు వచ్చేసరికి మా ఆయన్ని షెడ్డులోకి మళ్ళీ పిలిచారు, పాక వదిలి క్వార్టర్‌కి వచ్చాం. అత్త కూడా నిరుడు పోయింది. ఆ వానాకాలం తర్వాత చాలా ఏళ్ళు ఏ ఆరాటమూ లేకుండా వాటంతట అవే వచ్చాయి, వచ్చినట్టే పోయాయి, వాటిలో సగం నాకు గుర్తు కూడా లేవు. మేం చేతులు కోసుకుని సంపాదించుకున్న కాలం అంటూ ఉంటే అది ఆ ఒక్క వానాకాలమే, అందుకేనేమో అది మాత్రం ఇంకా ఖర్చవలేదు.